గట్టున పెట్టిన ఒట్టు

కిరీటి పేరును మైకులో సరిగ్గా పలికినవాడు ఆ కార్ల రేసు ట్రాకులో ఇంతవరకూ పుట్టలేదు. మొదట్లో క్రిట్టీ అన్నారు, తర్వాత కర్టీ అన్నారు, చివరికి నోటికి తేలికని "కిట్" దగ్గర ఆగిపోయారు. ఎలా పలికితేనేం, పలికే చోటు మాత్రం ఎప్పుడూ ఒకటే. గెలిచినవాడి పేరు, రెండోవాడి పేరు, మూడోవాడి పేరు గొంతు చించుకుని అరిచాక, మైకు పట్టుకున్నాయన నీళ్ళు తాగి, గొంతు తగ్గించి, మిగిలినవాళ్ళను చదివేవాడు. ఆ మిగిలినవాళ్ళలో ఉండేది కిరీటి పేరు. ఆరోవాడు కిట్. ఎనిమిదోవాడు కిట్. వేళ బాగుంటే నాలుగోవాడు కిట్.

అతని భార్య ధరణికి వచ్చిన ఇంగ్లీషు చాలావరకూ ఆ మైకులోంచి వచ్చిందే. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు ఇంకా రాయకముందే పుస్తకాలు మూయించి ఆమెను పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టారు. పిల్లవాడు కెనడాలో చదువుతున్నాడన్నారు. ఏం చదువుతున్నాడని గట్టిగా అడిగినవాళ్ళు లేరు. హామిల్టన్‌లో ఒక కాలేజీలో ఆటోమోటివ్ డిప్లొమా. శనివారాలు ఏం చేస్తాడని అడగాలన్న ఆలోచన ఎవరికొస్తుంది?

అప్పట్లో హామిల్టన్‌లో ఏ బస్టాపులో నిలబడ్డా తెలుగే వినబడేది. సెమిస్టరుకో గుంపు దిగేది. పైన ఇంటివాళ్ళు, కింద బేస్‌మెంట్‌లో పరుపుకు పరుపు ఆనించి పిల్లలు. పొద్దున కాలేజీ, సాయంత్రం వాన్ అనే ఊళ్ళో గోడౌన్లు, వారాంతం పిజ్జా డెలివరీ. అందరూ నడిచిన దారి అది. కిరీటికి మాత్రం వేన్ అనే ముసలాయన టోయింగ్ యార్డులో పార్ట్‌టైమ్ దొరికింది. రోడ్డు మీద చెడిపోయిన బండ్లను లాక్కొచ్చి పెట్టే చోటది. ఆ యార్డు మూలన, టార్పాలిన్ కింద, ఒక స్టాక్ కారు ఉండేది.

స్టాక్ కారంటే పేరు గొప్పేగాని, పాత కారులో సీట్లూ అద్దాలూ పీకేసి, లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టి, తలుపులు తెరుచుకోకుండా అతికేసిన బండి. కిటికీలోంచే దూరాలి, కిటికీలోంచే బయటపడాలి. దాన్ని తోలే వేన్ కొడుకు తండ్రితో గొడవపడి ఆల్బర్టా వెళ్ళిపోయాడు. ఒకరోజు వేన్, దాన్ని కాస్త పక్కకు పెట్టమని కిరీటికి తాళాలిచ్చాడు. పక్కకు పెట్టడానికి ఎక్కినవాడు ఇక దిగలేదు.

సొంత కారు కొనే తాహతు లేదు గనక అందరి కార్లూ తోలాడు. ఎవరి డ్రైవరుకు చెయ్యి విరిగినా, ఎవరి డ్రైవరు చెల్లెలి పెళ్ళికి వెళ్ళినా కిరీటికి ఫోనొచ్చేది. గెలిపిస్తాడని కాదు. "కిట్ చేతికిస్తే ఇచ్చిన కారు ఇచ్చినట్టు తిరిగొస్తుంది" అని. అదే అతని ఖ్యాతి. ఆ కార్ల సీట్లన్నీ భారీ మనుషుల కొలతలకు చేసినవి. బక్కపల్చటి కిరీటి వాటిలో అటూ ఇటూ కదిలిపోతుంటే, ధరణి తన పాత నేతచీర ఒకదాన్ని ఫోమ్ ముక్క చుట్టూ బిగించి కుట్టి ఇచ్చింది. ఏ కారెక్కినా అది నడుము దగ్గర పెట్టుకునేవాడు, రేసు అవగానే తీసి చంకలో పెట్టుకుని వచ్చేవాడు. వేన్ కారు అతనికే ఖాయమయ్యాక మాత్రం ఆ చీర ఆ సీటులోనే ఉండిపోయింది. ఖాయం డ్రైవరంటే అదే గుర్తు.

మొదటి ఏడు కాలేజీ స్నేహితులు వ్యాన్లు కట్టుకుని వచ్చారు. ఈలలు, జెండాలు, గొంతులు బొంగురుపోయేలా అరుపులు. రెండో ఏడు ఒక వ్యాను వచ్చింది. మూడో ఏడు గోపీకృష్ణ ఒక్కడు వచ్చి, "మనవాడి పేరు మైకులో వచ్చేలోగా తెచ్చుకున్న సమోసాలు చల్లారిపోతున్నాయి వదినా" అని నవ్వి, మళ్ళీ రాలేదు. గోపీకృష్ణ కిరీటితోపాటే దిగాడు, ఒకే బ్యాచ్. ఇప్పుడతనికి కెనడాలో శాశ్వతంగా ఉండిపోయే పీఆర్ వచ్చింది, కిచెనర్‌లో టౌన్‌హౌస్ వచ్చింది.

ధరణి వాళ్ళుండే బేస్‌మెంట్‌కు పైన ఇల్లుగలావిడ శకుంతల ఆంటీ. మంచిదే. పిల్లకు జ్వరమొస్తే కషాయం పంపుతుంది. కషాయంతోపాటు మాటా పంపుతుంది. "ఏమ్మా, మీ ఆయన ఈ వారం కూడా చుట్టూ తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాడా? మా తాతగారింట గానుగెద్దు కూడా ఇంతే. సాయంత్రానికి ఎన్ని మైళ్ళు నడిచేదో, ఊరు మాత్రం దాటేది కాదు."

ధరణి నవ్వేది. మెట్లు దిగి కిందికొచ్చాక ఆ నవ్వు నోట్లో చేదుగా మిగిలేది.

ఇంత జరగడానికి మూలం ఒక ఒట్టు. అది వేయించుకున్నది ధరణే.

ఇషిత పుట్టి ఇంకా మెడ నిలపని రోజులు. వేసవి. చంటిదాన్ని గుడ్డలో చుట్టుకుని ధరణి ట్రాకు మెట్ల మీద కూర్చుంది. రెండో మలుపులో ఎవడో తగిలించాడు, కిరీటి కారు తిరిగి తిరిగి వెళ్ళి కాంక్రీటు గోడకు కొట్టుకుంది. ఆ చప్పుడుకు పాలు తాగుతున్న పిల్ల నోరు వదిలేసి గుక్కపట్టింది. పొగ, దుమ్ము, పరిగెత్తే మనుషులు. కిటికీలోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది, తర్వాత హెల్మెట్ వచ్చింది. భుజం కమిలింది, అంతే. కానీ ఆ చెయ్యి బయటికి వచ్చేలోపల ధరణి తానిక విధవననే అనుకుంది. ఈ దేశంలో, ఈ చంటిదానితో, నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కల్లేకుండా.

ఇంటికొచ్చాక ఆమె ఏడవలేదు. అతని అరచెయ్యి పట్టుకుని తెచ్చి, నిద్రపోతున్న పిల్ల నడినెత్తి మీద పెట్టింది. అక్కడ ఇంకా ఎముక కలవలేదు, చర్మం కింద నాడి టిక్కుటిక్కుమంటోంది.

"ఇక కారెక్కనని ఒట్టెయ్యండి."

కిరీటి చెయ్యి వెనక్కి లాక్కోలేదు. బతిమాలాడు. ఒక్కటి గెలవనివ్వు అన్నాడు. ఒక్కటంటే ఒక్కటి, నా పేరు ముందు వినిపించాక నేనే దిగిపోతాను అన్నాడు. ధరణి ఆలోచించింది. మనిషి బాగా తోలుతున్నాడని అందరూ అంటూనే ఉన్నారు. నెలకో రెణ్ణెల్లకో గెలవకపోతాడా? ఒక్క గెలుపుతో పీడ వదులుతుంది కదా అనుకుంది. అప్పుడు ఇద్దరూ కలిసి మాట కూర్చుకున్నారు. "ఒక్క రేసు గెలిచాక మళ్ళీ స్టీరింగు పడితే, దీని మీద ఒట్టు."

తనకు తానే ఎంతో తెలివిగా బేరమాడాననుకుంది ధరణి.

ఆ వేసవి గడిచింది. మరుసటేడు కరోనా అని ట్రాకు మూసేస్తే, దేవుడే మూయించాడనుకుని ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ తెరిచారు. ప్రతి శనివారం అతను మూడోకంటికి తెలియకుండా మొక్కులు మొక్కే భార్యను మెట్ల మీద కూర్చోబెట్టి కారెక్కేవాడు. ఎక్కేముందు కంచె దగ్గరకు వచ్చి, ఇవతల నిలబడ్డ ఇషిత తల మీద చెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఉంచి వెళ్ళేవాడు. కలిసొస్తుందని పెడుతున్నాడనుకునేది ధరణి. రేసయ్యాక ఇషిత పరిగెత్తుకెళ్ళి "డాడీ, డిడ్ యూ విన్?" అనేది. "నెక్స్ట్ టైమ్ బంగారం" అనేవాడు. ఆ పిల్లకు నాన్నతో మొదట అలవాటైన మాటలు అవే.

మొగుడు ఓడిపోవాలని మొక్కుకునే భార్యలు ఎక్కడైనా ఉంటారేమో. ధరణి అతను గెలవాలని మొక్కుకునేది. గెలిస్తే మానేస్తాడని.

ఈ సంవత్సరం ఆ మొక్కుకు గడువొచ్చి పడింది. కరోనా పుణ్యమా అని పొడిగించిన వర్క్ పర్మిట్ కూడా చివరికొస్తోంది. టో ట్రక్కు తోలిన అనుభవం పీఆర్‌కు పనికిరాదు. శకుంతల ఆంటీ తమ్ముడు రాజగోపాల్ గారు రిచ్‌మండ్ హిల్‌లో ఉంటారు, వాన్‌లో ఒక పెద్ద గోడౌన్‌కు మేనేజరు. అక్కగారి మాట మీద సూపర్‌వైజరు ఉద్యోగం ఒకటి ఆపి ఉంచారు. ఆ పని చేస్తే పీఆర్‌కు లెక్కకొస్తుంది. ఇప్పుడు మొదలుపెడితే పర్మిట్ అయిపోయేలోగా కావలసిన ఏడాది నిండుతుంది. ఒకటే షరతు, శనివారం డ్యూటీ తప్పనిసరి.

"నా దగ్గర వందమంది స్టూడెంట్స్ లైన్లో ఉన్నారమ్మా," అన్నారాయన ఫోనులో ధరణితో. "అబ్బాయిని సెప్టెంబర్ సెకండ్ వీక్‌లో మండే కల్లా ఎస్సో నో చెప్పమను. అక్కయ్య మొహం చూసి ఆపాను."

కిరీటి ఎస్సూ అనలేదు, నో అనలేదు. సీజన్ అవనివ్వు అన్నాడు. అంటే ఏమిటో ధరణికి తెలుసు. సీజను ఆఖరి రేసు ఆ సోమవారానికి ముందు శనివారమే.

అంతకు ముందు వారం మెట్ల మీద ధరణి పక్కన వేన్ భార్య డోరీన్ కూర్చుంది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఒళ్ళో స్టాప్‌వాచీ, చెవికి రేడియో, పెదాల మధ్య వెలిగించని సిగరెట్టు. నలభై ఏళ్ళుగా ఆ ట్రాకు మీద ఎవరు ఎక్కడ ఎలా తిరుగుతారో చూస్తున్న మనిషి. ఆ రోజు కిరీటి చివరి రౌండు దాకా రెండోవాడిగా ఉండి, ముందువాడి పక్కకు వచ్చి, ఆఖరి మలుపులో వెనకబడి నాలుగోవాడయ్యాడు.

డోరీన్ వాచీ ఆపి ధరణి వైపు తిరిగింది. నీకో మాట చెప్పాలి, ఏమీ అనుకోకు అంది. వచ్చేవారం కిట్ గెలవకపోతే వేన్ కారు వేరే కుర్రాడికి ఇచ్చేస్తాడని చెప్పింది. ఆ మాట వేన్ ఇప్పటికే కిట్‌తో చెప్పాడనీ చెప్పింది. తర్వాత సిగరెట్టు చేతిలోకి తీసుకుని నెమ్మదిగా, అర్థమయ్యేలా అంది.

"గోడంటే భయపడే మగాళ్ళను చాలామందిని చూశాను. నీ మొగుడికి గోడంటే భయం లేదు. గెలుపు గీత దగ్గర ఊపే గళ్ళ జెండా అంటే భయం. గెలిచే వీలుండగా ఆఖరి మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు. ఇవాళా తీశాడు. ఎందుకో నాకు తెలీదు. నీకు తెలుసా?"

ధరణికి వెంటనే తెలిసింది. తెలియడం కాదు, ఇన్నాళ్ళూ చెవులకు తెలిసినదాన్ని మనసు ఒప్పుకుంది. అన్ని ఇంజన్లూ ఒకే రోదగా మోగేచోట ఒకటి గొంతు తగ్గించడం ఆమె చాలాసార్లు విన్నది. పాలుతాగే పిల్ల ఊపిరి మారితే నిద్రలో లేచే మనిషికి ఆ తేడా వినబడదా? ఏదో మెకానికల్ అనుకుంది. అనుకోవాలనుకుంది.

గెలిస్తే మానాలి. అందుకే గెలవడం లేదు. మూడు వేసవులు.

ఆ వారమంతా ఆమె నోరు విప్పలేదు. అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, ఇషితకు జడలు వేసింది. లోపల మాత్రం కుంపటి. పర్మిట్ కాదు, పీఆర్ కాదు, ఈ నేలమాళిగలో బిడ్డకు ఎండ తగలదన్న దిగులు కాదు, మనిషి అన్నీ తెలిసి తనను మెట్ల మీద కూర్చోబెట్టి మొక్కించాడు. ఒక ఆలోచన మాత్రం చల్లగా తగిలింది. నోరు మూసుకుంటే చాలు. గెలిస్తే ఒట్టు దించేస్తుంది, ఓడితే వేన్ దించేస్తాడు. ఎటు తిరిగినా సోమవారానికి మొగుడు గోడౌన్‌లో ఉంటాడు. ఈసారి బేరం నిజంగానే తనవైపు ఉంది.

శనివారం వచ్చింది. సెప్టెంబరు ఎండ పల్చగా, పక్కవాటుగా పడుతోంది. కిరీటి ఎప్పటిలాగే కంచె దగ్గరికి వచ్చాడు. అక్కడ కంచెకు అడుగున నడుమెత్తు కాంక్రీటు గోడ, దానికి ఒక చిన్న గేటు. ఇషితను ఆ గోడ మీద నిలబెట్టి పట్టుకుంది ధరణి. అతను గేటు పక్క సందులోంచి చెయ్యి చాపి పిల్ల తల మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఏమని దణ్ణం పెడుతున్నాడో ధరణికి ఇప్పుడు అర్థమైంది. నోరు మూసుకుందామనుకున్న మనిషి మూసుకోలేకపోయింది.

"ఇవాళ కూడా కాలు తీస్తారా?"

అతను కళ్ళు తెరిచాడు. చెయ్యి తియ్యలేదు. "ఎవరన్నారు?"

"ఎవరంటే ఏం లెండి. నేను చెవిటిదాన్ని కాదుగా. మానడం ఇష్టం లేకే కదా గెలవనిది? ఆ ముక్క మొదటే చెబితే నా మొక్కులు నాకు మిగిలేవి."

కిరీటి అటూ ఇటూ చూశాడు. డ్రైవర్లను పిలుస్తున్నారు. గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"ఇష్టం లేక కాదు ధరణీ. చేతకాక. గెలిస్తే రెండు వారాలు ఆగుతానేమో, మూడో వారం ఎవడో ఒకడు ఫోన్ చేస్తాడు, నేను వెళ్ళిపోతాను. నా సంగతి నాకు తెలుసు. వెళితే అది..." మాట ఆపి, తన చేతికింద ఉన్న తలను చూశాడు. "దీని మీదికి వస్తుంది. అందుకని గెలవకుండా చూసుకుంటున్నా. గెలవలేకేం కాదు."

ధరణికి తిట్లన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. బిడ్డను కాపాడుకుంటున్నాడో, బిడ్డను అడ్డం పెట్టుకుంటున్నాడో తేల్చుకోలేకపోయింది. రెండూనేమో. కానీ ఆ వెంటనే మరో సంగతి తట్టింది. ఇన్నేళ్ళూ కారు గోడకు తగులుతుందని భయపడింది తను. ఎప్పుడైనా ముందువాళ్ళంతా గుద్దుకుని, ఇతను కాలు తీసినా గెలిచేసి ఉంటే? మూడో వారం ఆగలేక ఎక్కేసి ఉంటే? ఆ మూడు వేసవులూ ట్రాకు మీద తిరిగింది కారు కాదు, పిల్ల ప్రాణం. పిల్లను పందెంలో పెట్టింది అతను కాదు, తనే. మెడ నిలపని పిల్ల నెత్తిన చెయ్యి లాక్కొచ్చి పెట్టింది తనే.

తప్పు తనదని తెలిసిన కోపానికి పోయే దారుండదు. ఆమె అతని మణికట్టు పట్టుకుని పిల్ల తల మీదనుంచి ఎత్తి, పక్కనే ఉన్న కాంక్రీటు గోడ మీద అరచెయ్యి చదునుగా ఆనించి గట్టిగా అదిమింది.

"ఇదిగో. ఒట్టు తీసి గట్టున పెట్టా. వేయించుకున్నదాన్ని నేనే తీసేశా. ఇక దానికీ మీకూ సంబంధం లేదు. వెళ్ళి గెలవండి."

చిన్నప్పుడు ఆటల్లో అలా అనేవాళ్ళు. దొంగ ఒట్లు వేసినప్పుడు. ఇంత పెద్ద ఒట్టుకు ఆ చిన్న మాట సరిపోతుందో లేదో ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిన మంత్రం అదొక్కటే.

కిరీటి గోడ మీది తన చేతిని చూసుకున్నాడు. అతని మొహంలో సంతోషం కనిపిస్తుందనుకుంది ధరణి. కనిపించింది భయం. పెళ్ళైనప్పటినుంచీ ఆ మొహం చూస్తోంది, అలాంటి భయం గోడకు కొట్టుకున్న రోజు కూడా చూడలేదు. అప్పుడా భయం ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ ట్రాకులో ఒక పద్ధతుంది. బాగా పరిగెత్తే కార్లను వెనక వరసల్లో నిలబెడతారు, మధ్యరకాన్ని ముందు నిలబెడతారు, జనానికి చూడముచ్చటగా ఉంటుందని. కాబట్టి మొదట్లో ముందుండడం కిరీటికి కొత్తకాదు. ఆకుపచ్చ జెండా ఊపగానే ముందు వరసలోంచి బయల్దేరాడు, రెండు రౌండ్లలో అందరికంటే ముందుకొచ్చాడు. ధరణి పిల్లను ఒళ్ళో పెట్టుకుని, చూడటం మాని, వినడం మొదలుపెట్టింది.

ఆ ఇంజను గొంతు ఆమె అంతకుముందెప్పుడూ వినలేదు. మలుపులోకి వెళ్ళేటప్పుడు తగ్గాల్సినంతే తగ్గి, మలుపు సగంలోనే మళ్ళీ పైకి లేస్తోంది. డోరీన్ వాచీ నొక్కి, చూసి, మళ్ళీ నొక్కి, ధరణి మోకాలి మీద చెయ్యి వేసింది. రౌండు తర్వాత రౌండు అతనే ముందు. మైకులో "కిట్, కిట్" అంటున్నారు. ఎన్నేళ్ళకు. శకుంతల ఆంటీ ఇక్కడుంటే బాగుండునన్న పాడు ఆలోచన ధరణికి వచ్చింది. గోపీకృష్ణ ఉంటే బాగుండును. పీఆర్ మాట, సోమవారం మాట పూర్తిగా మరిచిపోయింది. లేచి నిలబడి, చంకలో పిల్లతో, జీవితంలో మొదటిసారి అతను కారులో ఉండాలనే కోరుకుంది.

తెల్ల జెండా పడింది. ఇంకొక్క రౌండు. అప్పటికి వెనకనుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ ఒక ఎర్ర కారు అతని బంపరు దాకా వచ్చింది. దాని వెనక ఒక నీలం కారు. మొదటి మలుపు దాటారు. రెండో మలుపు దాటారు. ఆఖరి మలుపులోకి వెళుతున్నప్పుడు ధరణి చెవులు రిక్కించింది. ఇక్కడే. ఇక్కడే గొంతు తగ్గేది.

తగ్గలేదు. కాలు తియ్యలేదు. ఇంజను ఎంత మొర పెట్టగలదో అంతా పెట్టింది. కారు ఇవ్వగలిగినదంతా ఇచ్చింది, అతను ఇవ్వగలిగినదంతా ఇచ్చాడు. ఎర్ర కారు బయటివైపునుంచి, ఏ హడావిడీ లేకుండా, మామూలు రోడ్డు మీద బస్సును దాటినట్టు దాటిపోయింది. దాని వెంటే నీలం కారు.

మైకాయన ఊపిరి తిప్పుకోకుండా అరిచాడు. మూడోవాడు, తన జీవితంలో అన్నిటికంటే మంచి ఫినిష్, మన కిట్! మెట్ల మీద జనం లేచి చప్పట్లు కొట్టారు. కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు నలుగురైదుగురు ఎక్కణ్ణుంచో ఈల వేశారు.

డోరీన్ చప్పట్లు కొట్టలేదు. వాచీ వంక చూసి, తీగ చుట్టి, సంచిలో వేసుకుంది. "ఇవాళ కాలు తియ్యలేదు," అంది. అంతకంటే ఏం చెప్పినా బాగుండదన్నట్టు లేచి వెళ్ళిపోయింది.

ధరణి గేటు దగ్గరికి వెళ్ళేసరికి కారు ఆగి ఉంది. కిరీటి ఇంకా బయటికి రాలేదు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని, ఆపేసిన బండిలో కూర్చుని ఉన్నాడు. వేన్ వచ్చి కారు కప్పు మీద రెండు దెబ్బలు వేసి, బాగా తోలావన్నాడు. మంచి మాటే. కానీ అతని చూపు అప్పటికే అవతల నిలబడ్డ కొత్త కుర్రాడి మీద ఉంది.

అప్పుడు ధరణికి ఆ భయం ఏమిటో తెలిసింది. మూడేళ్ళుగా ఆ ఒట్టు అతని కాలిని ఆపలేదు, అతన్ని కాచుకుంటూ వచ్చింది. గెలవలేక కాదు, పిల్లకోసం అనుకుంటూ ప్రతి శనివారం ఇంటికొచ్చి నిద్రపోయాడు. ఆ ఒట్టు కప్పు కింద తలదాచుకున్నవాణ్ణి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. వర్షం పడుతోందని ఆమెకేం తెలుసు?

కాసేపటికి అతను కిటికీలోంచి బయటికి వచ్చాడు. వచ్చి, మళ్ళీ లోపలికి వంగి, సీటులోంచి ఆ చీర చుట్టిన ఫోమ్‌ను పీకాడు. మూడేళ్ళుగా అక్కడే ఉన్నది. అది నడుము ఆకారానికి అణిగి, గట్టిపడి ఉంది. తెచ్చి ధరణి చేతిలో పెట్టాడు. నేతచీర అంచు ఏ రంగుదో ఇప్పుడు తెలియడం లేదు. పెట్రోలు, రబ్బరు, చెమట వాసన.

ఏదో ఒకటి అనాలి. అతని కోసం ఒక చిన్న గొడుగైనా వెతకాలి.

"టైర్లు బాగోలేవేమో కదండీ. చివర్లో కారు ఏమైనా..."

"కారు బాగానే ఉంది," అన్నాడు కిరీటి.

ముగ్గురూ పార్కింగు దాకా నడిచారు. ఇషితను కారు సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టబోతూ, అలవాటుకొద్దీ అతని చెయ్యి ఆమె తల మీదికి లేచింది. సగంలో ఆగింది. కిందికి దిగి, బెల్టు లాగి, క్లిక్కుమనిపించింది.

"రాజగోపాల్ గారికి సోమవారం వస్తానని చెప్పు," అన్నాడు స్టీరింగు ముందు కూర్చుంటూ.

ఆ ఒక్క మాట వినాలని ధరణి మొక్కని దేవుడు లేడు. విన్నాక ఆ దేవుళ్ళకు ఏం చెప్పాలో తెలియలేదు. చీర మూటను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. హైవే ఎక్కాక అతను కుడిచేతి లేన్ పట్టుకుని, ఒక ఇసుక లారీ వెనక, దాన్ని దాటే ఆలోచనే లేనట్టు పోనిచ్చాడు. పక్కనుంచి బండ్లన్నీ దాటిపోతున్నాయి.

వెనక సీటులోంచి ఇషిత అడిగింది.

"డాడీ, డిడ్ యూ విన్?"

కిరీటి లారీ వెనకే పోనిస్తున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇషితకు కంఠతా వచ్చు కాబట్టి తనే చెప్పుకుంది.

"నెక్స్ట్ టైమ్. ఓకే, డాడీ?"